సమాధుల తోట గడ్డి

ఆ ఆదివారం ఉదయం చర్చిలో ప్రభు భోజనపు పళ్ళెం పట్టుకుని వరుసల మధ్య నడిచింది నేనే. చిన్న గాజు గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడు కాకుండా నడవడం నాకు అలవాటు. ఇంటికి తిరిగి వచ్చే దారిలో, ఆ చేతులు ఇంకా ద్రాక్షరసం వాసన వేస్తుండగానే, నేను చేసిన పనిని ఇంకొక మనిషి మీదికి తోసేశాను. పాల కేంద్రం అరుగు ముందు, పదిమంది చూస్తుండగా, "నాకు తెలియదండి, విత్తనం తెచ్చింది అతనే" అన్నాను. ఆ మనిషి నా పక్కనే కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

అతను మా ఊరి గొడ్లకాపరి. విత్తనం అంటే గడ్డి విత్తనం. గడ్డి గింజల కోసం ఒక ఊరు నిలదీయడమూ, ఒక మనిషి ఊరు విడిచి పోవడమూ చదివేవారికి వింతగా తోచవచ్చు. అందుకని మొదటినుంచీ చెబుతాను.

మా ఊరు రాజాం నుంచి గరివిడి వైపు వచ్చే దారిలో, రోడ్డు దిగి లోపలికి పోతే వస్తుంది. పల్లంలో వరి. ఊరికి పడమట ఎర్రమట్టి మెట్ట. మెట్ట ఎవరి సొంతమూ కాదు, ఊరి గొడ్లది. నా చిన్నప్పుడు అక్కడ గడ్డి మోకాలు దాటి ఉండేది. నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరిన కాలంలో మెట్టను నీలగిరి తోటకు కౌలుకిచ్చారు. ఆ కౌలుతో రామమందిరానికి పైకప్పు పడింది, అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. లారీలు దుంగలు ఎత్తుకుపోయాక మోళ్ళు మిగిలాయి. మోళ్ళ మధ్య నేల ఇటుకలా గట్టిపడింది. వాన పడితే నీరు లోపలికి దిగేది కాదు. పైమట్టిని కోసుకుంటూ కింది వాగులోకి, మేం గెడ్డ అంటాం, అందులోకి పోయేది. వేసవిలో మెట్ట మీదికి తోలిన గొడ్లు సాయంత్రం ఖాళీ డొక్కలతో దిగేవి. రోడ్డు పక్క చెత్తకుప్పల మీద పడి ఏది దొరికితే అది తినేవి. ఆసుపత్రిలో ఆవు పొట్ట కోసి పాలిథిన్ సంచులు ముద్దలు ముద్దలుగా బయటికి తీస్తుంటే బకెట్టు పట్టుకుని నిలబడింది నేనే.

ఒక ఏడు మా పశువుల శాఖ ఆఫీసు నుంచి పెద్ద రకం గడ్డి కణుపులు ట్రాక్టరు మీద వచ్చాయి. తడి ఉన్నన్నాళ్ళు ఏపుగా పెరిగింది, ఫొటోలు తీసుకున్నారు. మార్గశిరం వెళ్ళేసరికి ఎండు పుల్లలయింది. మెట్ట మీద బోరు లేదు, బావి లేదు. నీళ్ళడిగే గడ్డిని నీళ్ళులేని చోట నాటి, పోయిందని నేలను తిట్టుకున్నాం.

నేను ఉద్యోగం నుంచి దిగిపోయిన ఏడు వానలు మొహం చాటేశాయి. ఆ నవంబరులో సమాధుల పండుగకు మా అమ్మ సమాధికి సున్నం వేయడానికి వెళ్ళాను. మా సమాధుల తోట ఊరికీ మా పేటకూ మధ్య ఉంటుంది. మిషను దొరల కాలంలో కట్టిన రాతి గోడ చుట్టూ ఉంది, ఇనుప గేటు ఉంది. కొన్ని తరాలుగా ఒక్క గొడ్డు కూడా లోపలికి రాలేదు. బయట గరిక కూడా మాడిపోయిన ఆ రోజుల్లో, లోపల సమాధుల మధ్య గడ్డి నడుమెత్తున నిలబడి ఉంది. కొసలు ఎండినా మొదళ్ళు పచ్చగా ఉన్నాయి. కొడవలితో ఒక దుబ్బు పక్కన తవ్వి చూశాను. వేళ్ళు నా మోచేతి లోతు దాటి ఇంకా కిందికి పోతున్నాయి. దుబ్బుల మధ్య పిల్లిపెసర తీగ ఎవరూ చల్లకుండానే పాకి ఉంది. నీళ్ళు పోసినవాడు లేడు, ఎరువు వేసినవాడు లేడు. ఇంటికొచ్చి చూసుకుంటే నా పంచె నిండా ఆ గడ్డి గింజలు, పందిముల్లు అంటాం దాన్ని. ఒక్కో గింజకూ నల్లటి సూదిలాంటి తోక. గుడ్డలో దిగితే అంత తొందరగా రాదు.

మర్నాడు కాపరిని పిలుచుకుని వెళ్ళాను. అతను గేటు బయట చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. నేను విప్పలేదు. గడ్డిని చేత్తో రాసి, ఒక కాడ తుంచి నమిలాడు.

"మన మెట్ట గడ్డే బాబూ ఇది," అన్నాడు. "ఎక్కడికి పోయినాదో అనుకున్నాను. మీ తోటలోకొచ్చి దాక్కున్నాదేటి."

"గింజ కోసి మెట్ట మీద చల్లితే?"

"సల్లొచ్చు. వస్తాది కూడాను. మరి ఊర్లో ఏటని సెప్తావు?"

"ఆఫీసు విత్తనం అని చెప్తాను."

అతను కాడను ఉమ్మేశాడు. "సెప్పేద్దాం బాబూ ఉన్నమాట. ఒద్దంటే మానేద్దాం. రేపెప్పుడో తెలిస్తే గొడ్డు తిన్నదాన్ని కక్కించలేం కదా."

"చెప్తే వద్దనే అంటారు. శ్మశానం గడ్డి ఆవులకు పెడతారా? నువ్వు ఊరుకో."

"నీ ఇష్టం. నానయితే మూగోణ్ణే. గొడ్లతో తప్ప మాటాడను."

గొడ్ల ఆకలి చూడలేక ఆ అబద్ధం ఆడానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. మిగతా సగం ఇది. మా నాన్నను ఈ ఊరి రైతులు "ఒరే" అని పిలిచేవారు. నేను సూదిమందు సంచి పట్టుకుని వాళ్ళ పాకల్లోకి వెళ్ళడం మొదలుపెట్టాక "డాట్రు బాబు" అయ్యాను. డాక్టరును కాకపోయినా వాళ్ళు అన్నారు, నేను కాదనలేదు. ఉద్యోగం అయిపోయింది కాబట్టి ఆ పిలుపు ఎప్పుడు పోతుందోనని లోపల ఒక బెంగ ఉండేది. మెట్ట మీద గడ్డి తెప్పించిన బాబుగా ఉండిపోవాలనుకున్నాను. మా సమాధుల మీది గడ్డిని వాళ్ళ ఆవులకు పెట్టినవాడిగా కాదు.

ఆ శీతాకాలమంతా ఇద్దరం గింజ కోశాం. ఊళ్ళో ఆఫీసు విత్తనం వస్తుందన్నాను, సంఘంలో తోట శుభ్రం చేస్తున్నానని చెప్పాను. ఒక ఆదివారం ప్రకటనల్లో నా సేవకు వందనాలు కూడా చెప్పారు. లేచి నిలబడి తల వంచి ఆ వందనాలు పుచ్చుకున్నాను. కాపరి, అతని భార్య గింజను ఎర్రమట్టిలో, పేడలో కలిపి ఉండలు చేశారు. తొలకరికి ముందు మెట్టకు అడ్డంగా, వాలు నీటిని ఆపేటట్టు చాళ్ళు దున్నించి ఉండలు వేశాం. చుట్టూ రేగుకంప కట్టాం. రెండు వానకాలాలు ఎవరి గొడ్డూ మెట్ట ఎక్కకూడదని ఊళ్ళో డప్పు వేయించారు. ఆ రెండేళ్ళూ మందను గెడ్డ గట్ల మీద, కోసిన చేలలో, రోడ్డు వార తిప్పి, అందరి తిట్లూ తిన్నది కాపరి. "బోడి మెట్టకి కాపలా ఏటిరా" అని నవ్విన వాళ్ళ గొడ్లను కూడా అతనే మేపాడు.

మొదటి ఏడు చెప్పుకోవడానికి ఏమీ లేదు. పైకి రెండు వేళ్ళ గడ్డి, అంతే. రెండో ఏడు మళ్ళీ వాన తక్కువ. ఊరి వరి పొట్టకు రాకుండానే తెల్లబోయింది. మెట్ట మీద మాత్రం దుబ్బులు కట్టాయి. ఒక తెల్లవారు అక్కడ కముజు పిట్ట కూత విన్నాను. మా పెళ్ళయిన కొత్తలో విన్నాను, మళ్ళీ అప్పుడే. మూడో ఏడు కంప తీశారు. కాపరి మెట్టను చెక్కలుగా చేసుకుని ఒక చెక్క మేపేటప్పుడు మిగతావి ముట్టనిచ్చేవాడు కాదు. పందిముల్లు లేతగా ఉన్నప్పుడే మేపాలి, ముదిరి సూదులు వేస్తే గొడ్డు నోరు చిట్లుతుంది. కాబట్టి ఒక చెక్కను మాత్రం గింజకు వదిలేవాళ్ళం. పాల కేంద్రంలో క్యాన్లు నిండాయి. "డాట్రు బాబు తెచ్చిన గడ్డి" అని పక్క ఊళ్ళవాళ్ళు చూడటానికి వచ్చేవారు. నేను వాళ్ళను మెట్ట మీద తిప్పేవాణ్ణి. కాపరి దూరంగా మంద దగ్గర ఉండేవాడు. అతన్ని పిలిచి పరిచయం చేద్దామని నాకు ఒక్కసారీ తోచలేదు.

మరుసటి ఏడు మాఘం వచ్చింది.

మాఘ ఆదివారాల్లో మా వైపు రైతుల ఇళ్ళవాళ్ళు అరసవల్లి వెళ్ళి, సూర్యనారాయణమూర్తి గుడి దగ్గర పిడకల మీద పాలు పొంగించి పరమాన్నం వండుతారు. పిడకలు సొంత ఆవు పేడవయితే మరీ మంచిదని పెద్దవాళ్ళు ఇంటినుంచే పట్టుకెళ్తారు. ఊళ్ళో పెద్ద రైతు తల్లి ఏటా అలాగే వెళ్ళేది. ఆవిడ ఆవు కూడా మందతో మెట్ట మీదే మేసేది.

ఆ ఆదివారానికి ముందురోజు మా పేటలో మిషను బడి పెద్ద టీచరమ్మ పోయింది. పెద్ద రైతుకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. మామూలుగా ఊరి రైతులు మా మట్టి కార్యాలకు గేటు దాకా వచ్చి ఆగిపోతారు. ఆయన ఆగలేదు. లోపలికి వచ్చి, గుంట పక్కన నిలబడి, పిడికెడు మన్ను వేసి వెళ్ళాడు. ఆయన పంచె అంచును గడ్డి రాసుకోవడం నేను చూశాను. గింజలు గుడ్డలో దిగుతాయని నాకు తెలుసు. అయినా ఏమీ చేయలేదు. ఆ సాయంత్రమే వెళ్ళి చెప్పి ఉంటే సరిపోయేది.

ఆదివారం చర్చి నుంచి వస్తుంటే పాల కేంద్రం దగ్గర ఆటో ఆగి ఉంది. పెద్ద రైతు అరుగు మీద కూర్చుని, నిన్నటి పంచె ఒళ్ళో వేసుకుని, అంచుకు దిగిన నల్ల సూదులను ఒక్కొక్కటే పీకుతున్నాడు. స్తంభానికి ఆనుకుని ఆయన తల్లి, ఆవిడ కాళ్ళ దగ్గర పిడకల గోనె. మందను తోలుకుపోతున్న కాపరిని అక్కడే ఆపేశారు. గొడ్లు రోడ్డు మీద నిలబడి ఉన్నాయి.

"రండి డాట్రు బాబూ. ఇదేటో సెప్పండి," అన్నాడు పెద్ద రైతు, ఒక గింజను అరచేతిలో చూపించి.

"పందిముల్లు," అన్నాను.

"నిన్న మీ తోటలో గుచ్చుకున్నాది. మన మెట్ట మీద గుచ్చుకున్నదీ ఇదే. ఈ సుట్టుపట్ల ఇంకెక్కడా నాను సూడలేదు. ఆఫీసు ఇత్తనం మీ సమాధుల్లోకి ఎలగొచ్చినాది?"

ఆయన నాకు దారి వదిలాడు. గాలికి ఎగిరి వచ్చిందని నేను చెబితే నమ్మడానికి సిద్ధంగానే ఉన్నాడు. పెద్దావిడ ఆ దారి మూసేసింది.

"ఆఫీసోళ్ళు సమాధుల్లో ఎందుకు సల్లుతార్రా? అక్కడిదే ఇక్కడికొచ్చినాది." నా వైపు తిరిగింది. "నాయినా, ఒకటే అడుగుతన్నాను. ఔనంటే ఔను, కాదంటే కాదు. నాను దేవుడికి పాలు పొంగించడానికి బయల్దేరినాను. ఆ గడ్డి తిన్న ఆవు పేడే ఈ గోనిలో ఉన్నాది."

నేను తెల్ల బట్టల్లో ఉన్నాను, చంకలో బైబిలు. చుట్టూ పాలు పోయడానికి వచ్చినవాళ్ళు. నిజం చెబితే నేను ఒక్క మాటతో మళ్ళీ మా నాన్న కొడుకునైపోతానని భయపడ్డాను.

"నాకు తెలియదండి," అన్నాను. "విత్తనం తెచ్చింది అతనే."

కాపరి నా వైపు చూశాడు. నేను పిడకల గోనె వైపు చూశాను.

"బాబుకేటి తెలుస్తాదమ్మా," అన్నాడు అతను. "గడ్డీ తెలీదు, గొడ్డూ తెలీదు. తోకెత్తి సూది పొడవడం తెలుసు. నానే తెచ్చినాను."

అందరూ నవ్వారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను. అబద్ధం కంటే ఆ నవ్వే నన్ను ఎక్కువ కాలం పీడించింది.

"ఎవుల్ని అడిగి తెచ్చినావురా?" అన్నాడు పెద్ద రైతు.

"గోడనడిగినాను. పలకలేదు. గొడ్డు ఆకలికుంటే దూకినాను."

"ఎటకారాలొద్దు. ఊరి ఆవులకి పీనుగుల గడ్డి మేపినావు. రేపట్నుంచి ఏ ఇంటి గొడ్డూ నీ ఎనకాల రాదు. ఆ మెట్ట కూడా తొలకరికి దున్నించి పారేస్తాం. రాజాంలో నీలగిరోడు అడుగుతానే ఉన్నాడు."

పెద్దావిడ గోనెను రోడ్డు వారకు ఈడ్చి బోర్లించింది. పిడకలు ఆవిడ వేళ్ళ గుర్తులతో సహా గుట్టగా పడ్డాయి. ఆటో ఖాళీగానే తిరిగి వెళ్ళిపోయింది. ఎవరి గొడ్డును వాళ్ళు తాడు వేసి పట్టుకుపోయారు. రోడ్డు మీద కాపరీ, అతని సొంత ఆవులూ మిగిలారు.

సాయంత్రం అతని ఇంటికి వెళ్ళాను. అతని భార్య వాకిట్లో చేట పట్టుకుని ఉంది.

"బాబొచ్చినాడు, కుర్సీ ఎయ్యండి," అంది లోపలికి వినిపించేటట్టు. "కుర్సీ లేదు కదా మనకి. గోడుంది. గోడ మీద కూకోమను, గోడలంటే బాబుకి ఇష్టం."

నేను నిలబడే ఉన్నాను. కాపరి పాకలో ఆవుకు కుడితి పెడుతున్నాడు. నేను తప్పు చేశాననీ, క్షమించమనీ అన్నాను. అతను కుండ కడిగి బోర్లించాడు.

"నాకు సెప్పి ఏటి లాభం బాబూ? నాకు తెలిసిందే కదా. తెలీనోళ్ళకి సెప్పు."

"నువ్వెందుకు ఒప్పుకున్నావు?"

"నువ్వు తలొంచీసినావు. నాను కాదంటే ఇద్దరం అక్కడే తన్నుకోవాల. తన్నుకుంటే ఊరికి తమాసా. నా మీద పడి తిట్టుకుంటే గడ్డిని మర్సిపోతారనుకున్నాను." చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. "మర్సిపోలేదు."

"మంద నీకు మళ్ళీ ఇప్పిస్తాను."

"ముందు మెట్ట సూడు. మంద మాట తరవాత. గొడ్డు ఇయ్యాల కాకపోతే రేపు ఇంకోడి ఎనక పోతాది. నేల అలగ కాదు. ఈసారి దున్నితే ఆ గడ్డి ఏళ్ళు నేలలోకి మళ్ళీ దిగవు. నీ ఈడూ లేదు, నా ఈడూ లేదు."

అతని భార్య చేట దులుపుతూ, "బేగి ఎల్లు బాబూ, ఎవులైనా సూస్తే నీకే నామోషీ," అంది.

సోమవారం ఉదయం పాలు పోసే వేళకు వెళ్ళాను. పెద్ద రైతు క్యాన్ల దగ్గర ఉన్నాడు. పెద్దావిడ రోజూలాగే చెంబుతో వచ్చింది. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాను గానీ అక్కడికి వెళ్ళాక ఆ మాటలేవీ రాలేదు. ఉద్యోగంలో నేర్చుకున్న మాటతీరు కూడా రాలేదు. మా ఇంట్లో మాట్లాడుకునే మాటే వచ్చింది.

"ఆ గింజ తెచ్చింది నానే," అన్నాను. "మా అమ్మ సమాధి కాణ్ణుంచి కోసినాను. ఊరికి సెప్పేద్దామని అతనన్నాడు. ఒద్దన్నది నాను. ఆఫీసు ఇత్తనమన్నదీ నానే. నిన్న అబద్ధమాడినాను. అతను నా తప్పు నెత్తినేసుకున్నాడు."

పాలు కొలిచే చప్పుడు ఆగిపోయింది. పెద్ద రైతు నన్ను కింది నుంచి పైకి చూశాడు.

"అయితే ఇద్దరూ దొంగలే," అన్నాడు. "ఒకడు తెచ్చినాడు, ఒకడు దాసినాడు. దీనికి పొద్దున్నే ఊర్నంతా నిలబెట్టాలా? ఎల్లవోయ్, ఎల్లు." నన్ను ఆయన బాబూ అనలేదు. ఆ తరువాత ఎన్నడూ అనలేదు.

నేను వెళ్ళలేదు. "నన్నేటైనా అనండి. మెట్ట దున్నించొద్దు," అన్నాను.

"అది నువ్వు సెప్పక్కర్లేదు."

అప్పుడు పెద్దావిడ మాట్లాడింది, ఎవరినీ చూడకుండా, చెంబులోకి చూస్తూ.

"పోయినేడు మాఘంలో కూడా ఆ గడ్డి తిన్న ఆవు పిడకల మీదే పొంగించినాను. పాలు బాగానే పొంగినాయి. తూరుపుకే పొంగినాయి. ఆ దేవుడు కాదనలేదు, ఇప్పుడు నువ్వు కాదంటావేటిరా?" కొడుకును అడిగింది. ఆయన క్యాను మూత బిగించాడు. "మెట్ట జోలికి పోకండి. గొడ్లకి అదే దిక్కు." నా వైపు తిరిగింది. "అలగని నాను నిన్ను మన్నించినాననుకోకు. నా ఆవు మాత్రం ఇంక అక్కడ మెయ్యదు. గడ్డికి మైలో కాదో దేవుడికి తెలుసు. నీ నోటికి మైలున్నాది. దేవుడికాడికి పట్టుకెళ్ళీదని నీకు తెలిసీ, నాకు తెలీకుండా నా సేత్తో సేయించినావు."

ఆవిడ కోపం గడ్డి మీద కాదని, సమాధుల మీద కూడా కాదని అప్పుడు తెలిసింది. ముందే అడిగి ఉంటే ఆవిడ ఔననేదో కాదనేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడను అడగకుండానే ఆవిడ జవాబు నేనే చెప్పుకున్నాను. నన్ను తక్కువ చూస్తారని భయపడినవాణ్ణి, నేనే ముందు వాళ్ళను తక్కువ చూశాను.

మెట్ట దున్నలేదు. ఆ వారంలోనే పెద్ద రైతు కాపరికి కబురు పంపాడు, మళ్ళీ మంద తోలుకోమని. అతను రానన్నాడు. పీనుగుల గడ్డి మేపినవాడని ఊరందరి ముందు అనిపించుకున్నాక ఆ ఇళ్ళ ముందు నిలబడి గొడ్లను విప్పమని పిలవలేనన్నాడట. తన ఆవులను అమ్మేసి, భార్యతో రాజాంలో కూతురింటికి వెళ్ళిపోయాడు. వెళ్ళేరోజు నేను బస్సు దగ్గరికి వెళ్ళాను. అతను కిటికీలోంచి, "గింజ సెక్క ముట్టనీకు బాబూ" అన్నాడు.

తరువాతి ఆదివారం పాస్టరుగారికి అంతా చెప్పి, ప్రభు భోజనపు పళ్ళెం ఇక నాకివ్వవద్దన్నాను. ఆయన మంచివాడు. "గడ్డే కదండీ, దానికింత ఎందుకు?" అన్నాడు. సంఘ పెద్దలు కూడా అదే అన్నారు. ఆ మాట నాకు ఊరట కావలసింది, కాలేదు. తోటలో గింజ కోయడానికి మాత్రం ఈసారి అందరి ముందు అనుమతి అడిగాను. ఇచ్చారు.

కాపరిని రాజాంలో ఒకసారి చూశాను. ఒక ప్రైవేటు కాలేజీలో పనికి కుదిరాడు. గేటు లోపల పచ్చిక ఉంది, దాని మీద నడవకూడదని బోర్డు ఉంది. అతను నీలం చొక్కా వేసుకుని పైపు పట్టుకుని దానికి నీళ్ళు పెడుతున్నాడు.

"సూడు బాబూ," అన్నాడు. "రోజుకి రెండుసార్లు తాగుతాది. ఎవులూ తినరు. పెరిగితే మిషనుతో కోసి పారేస్తారు. గొడ్డు మొకం సూడని గడ్డి ఇది."

"ఊరికి వచ్చేయ్," అన్నాను.

"ఎందుకేటి? ఇక్కడ నన్నెవులూ తిట్టరు. ఎవులూ పిలవరు కూడాను." పైపు ఇంకో పక్కకు తిప్పాడు. "పిల్లిపెసర పూసినాదా?"

పూసిందన్నాను. అతను తల ఊపి నీళ్ళ వైపు తిరిగాడు.

కాపరి లేకపోయాక గొడ్లు ఇష్టం వచ్చినట్టు మెట్ట ఎక్కడం మొదలుపెట్టాయి. గింజకు వదిలిన చెక్కలో కూడా పడ్డాయి. వాన లేని నేల మీద గడ్డి మొదలు దాకా మేసేస్తే ఒక్క వేసవి చాలు, మళ్ళీ ఎర్రమట్టే. మంద తోలడానికి ఎవరూ ముందుకు రాలేదు. అందుకని నేనే కర్ర పట్టుకున్నాను. మొదట కొన్ని ఇళ్ళవాళ్ళే గొడ్లను విప్పారు, తరువాత ఇంకొన్ని. పెద్ద రైతు కూడా ఎద్దులను పంపుతాడు. పెద్దావిడ ఆవు ఇప్పటికీ పాకలోనే ఉంటుంది. ఆవిడ దానికి గెడ్డ గట్టు నుంచి గడ్డి కోయించి తెప్పించుకుంటుంది. నేను వాళ్ళ వాకిలి ముందు రోజూ ఆగి, "అమ్మా, మంద పోతన్నాది," అని పిలుస్తాను. ఆవిడ జవాబు చెప్పదు. పిలవడం మాత్రం మానలేదు.

నవంబరు వస్తే గేటు బయట చెప్పులు విప్పి తోటలోకి వెళ్ళి గింజ కోస్తాను. మెట్ట మీద పలచబడిన చోట్ల చల్లుతాను. పక్క ఊళ్ళవాళ్ళు అడిగితే సంచిలో పోసి ఇచ్చేముందు చెబుతాను, ఇది మా సమాధుల తోటలోది, కావాలంటేనే తీసుకోండి అని. కొందరు తీసుకుంటారు. కొందరు సంచి అక్కడే పెట్టి వెళ్ళిపోతారు. సంచి పెట్టి వెళ్ళినవాళ్ళను వెనక్కి పిలవను.

మందకు ఒక పాత అలవాటు ఉంది. ఊళ్ళోంచి పడమటికి తిరిగే మలుపులో కాపరి ఇల్లు. ముందు నడిచే ముసలి ఆవులు అక్కడికి రాగానే ఆగిపోతాయి, అతను తువ్వాలు భుజాన వేసుకుని బయటికి రావాలి కాబట్టి. తలుపుకు తాళం ఉంది. అరుగు మీద పిచ్చిమొక్కలు లేచాయి. మొదట్లో నేను కర్రతో అదిలించేవాణ్ణి. ఇప్పుడు అదిలించను. అవి కదిలేదాకా నేనూ వాటితోపాటు ఆ తలుపు ముందు నిలబడతాను.